కుడివైపు ఆగిపోయిన కణాలు

మా పాత ప్రయోగశాలలో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఈమధ్య నన్ను పిలిచి, సర్వీసులో మరచిపోలేని విజయం గురించి రాయమన్నారు. విజయాల గురించి రాయడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కొందరికి నిజంగానే విజయాలు కూడా ఉన్నాయి. నేను మాత్రం ఒక సినిమా గురించి రాస్తాను. అందులో మాటల్లేవు, పాటల్లేవు, నటించినవన్నీ క్యాన్సర్ కణాలు. మేమే తీశాం, మేమే ఆడించాం, చివరికి మేమే ఆపాం. ఆపడానికి ఆలస్యమైంది. ఆ ఆలస్యం గురించే ఈ గొడవంతా.

ముందు నా సంగతి చెప్పాలి. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. "కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు" అని మా అమ్మ రోజుకోసారైనా తిట్టేది. అలాంటిదాన్ని తెచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది ఉద్యోగం. గోదావరి వైపు నుంచి వచ్చి హౌరాలో రైలు దిగినదాన్ని, ఈ కలకత్తాలో ఒక క్యాన్సర్ పరిశోధన సంస్థలో చేరి, తల నెరిసేదాకా చేసిన పని ఒక్కటే. కణాలు ఎలా నడుస్తాయో చూడటం. వాటికీ నాకూ ఒకటే జబ్బు కాబట్టి బాగానే పొసిగింది.

కణాలు నడవడమేమిటని అడిగేవాళ్ళ కోసం నాలుగు మాటలు. క్యాన్సర్ గడ్డ పుట్టినచోటే పడి ఉంటే, కోసి తీసేసి చాలామందిని బతికించవచ్చు. ఎక్కువమందిని తీసుకుపోయేది దాని నడక. గడ్డలోంచి ఒక కణం విడివడి, పక్క సందులోకి పాకి, రక్తంలో పడి, ఏ ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో దిగి అక్కడ కాపురం పెడుతుంది. నడవాలంటే కాళ్ళుండాలి. కణానికి కాళ్ళు కట్టేది ఆక్టిన్ అనే సన్నటి పోగులు. దుర్గాపూజలకు ముందు కలకత్తా వీధుల్లో పందిళ్ళు లేస్తుంటే చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వెదుళ్ళు అవే ఉంటాయి. కోసేవాడొకడు, కట్టేవాడొకడు, పక్కకి కొమ్మ దించేవాడొకడు, విప్పి ఇంకో వీధికి మోసేవాడొకడు. ఆక్టిన్ వెదురైతే ఆ పనివాళ్ళంతా వేరువేరు ప్రోటీన్లు. కోఫిలిన్ అనేది కోస్తుంది. ఫాసిన్ అనేది పోగులను కట్టలు కడుతుంది. ఆ కట్టల బలంతో కణం ముందుకి వేళ్ళు చాచి దారి తడుముకుంటుంది. ఇల్లు వదలని మామూలు పొర కణాల్లో ఫాసిన్ పెద్దగా కనబడదు. ఊరు విడిచే రకం గడ్డల్లో చాలాసార్లు దండిగా కనబడుతుంది. కాబట్టి ఆ కట్టలు కట్టేవాడి చేతులు పట్టుకుంటే పందిరి లేవదు, కణం కదలదు. ఇదీ మా ఆశ. అలా చేతులు పట్టుకునే ఒక మందు మా దగ్గర ఉండేది. దానికప్పటికి పేరు కూడా లేదు, సీసా మీద ఒక అంకె ఉండేది అంతే.

మా గదికి పెద్ద దాదా, మన మాటలో అన్నగారు. అందరికీ ఆయన దాదాయే, సంస్థ అధిపతికి కూడా. చేపల గురించీ ఫుట్‌బాల్ గురించీ ఎంత ఆవేశంగా మాట్లాడేవారో పోగుల గురించీ అంతే ఆవేశంగా మాట్లాడేవారు. ఆయన దగ్గర ఒక మడి ఉండేది. ప్లేటులోని చిన్న గుంటల్లో మందు వెయ్యని కణాలు ఎడమవైపు, మందు వేసినవి కుడివైపు. ఎప్పుడూ అంతే. మైక్రోస్కోపు గది చీకటిగా ఉంటుంది, గుంటల మీద రాసిన గుర్తులు కనబడవు, చెయ్యి అలవాటు పడితే పొరపాటు జరగదు అని ఆయనకి వాళ్ళ గురువుగారు నేర్పారట. మాలో ఎవరు చేరినా మొదటిరోజు చెప్పే పాఠం అదే. "బాఁయే ఖాలి, డానే ఓషుధ్." ఎడమ ఖాళీ, కుడి మందు. ముప్పై ఏళ్ళుగా ఆ పద్ధతిలో ఒక్కసారి కూడా ప్లేట్లు తారుమారు కాలేదని ఆయన గర్వం. నిజంగానే కాలేదు.

ఆ సినిమా తీసిన ఏడాది మాకు కొత్త ఏసీ వచ్చింది. పాతది చల్లబరచడం కంటే ఎక్కువ కారేది. జ్యేష్ఠమాసపు కలకత్తా ఎలా ఉంటుందో మీకు తెలుసు. గాలిని పిండితే నీళ్ళొస్తాయి, అద్దాల మీద చెమట పడుతుంది. దాదా స్టూలెక్కి స్వయంగా ఏసీ రెక్కలను మైక్రోస్కోపు వైపు తిప్పారు. అద్దం తేటపడింది. అందరం చప్పట్లు కొట్టాం. కణాలకు ఒంటి వేడి అందించే చిన్న పెట్టె ఒకటి మైక్రోస్కోపు మీద ఉంటుంది కదా, దాని వేడి చూపించే ముల్లు సరిగ్గానే ఉంది. ఆ ముల్లు తాలూకు తీగ పెట్టెలో ఎడమవైపు ఉంటుందన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఎవరికైనా తట్టాలని ఏముంది?

ఆ వేసవిలోనే మా సినిమా తయారైంది. తెరకి ఎడమ సగంలో మందు లేని కణాలు, వేళ్ళు చాచుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, తెల్లారేసరికి ఎక్కడివక్కడ లేకుండా పోయేవి. కుడి సగంలో మందు వేసినవి ఉన్నచోటే ఉండేవి. ఒక్క అడుగు లేదు. మా పరిశోధక విద్యార్థిని ప్రతి కణం మీదా చుక్క పెట్టి అది ఎంత దూరం పోయిందో కంప్యూటరుతో కొలిచింది. ఆ అమ్మాయి థీసిసులో చివరి అధ్యాయం అదే. దాదా సందేశ్ మిఠాయి తెప్పించి అందరికీ పంచారు. స్టూడెంట్ ఏడ్చింది. నేను ఆ సాయంత్రం వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, రిటైరయ్యేలోగా ఒక పని చేశాం అనుకున్నాను. సంతోషం వచ్చినా నాకు నడకే.

మా సంస్థని ఆనుకుని ఆసుపత్రి ఉంది. సంస్థ అధిపతిగారికి సినిమా తెగ నచ్చి, రోగులు వేచి ఉండే హాల్లో టీవీలో పెట్టించారు. బంగ్లాలో పెద్ద అక్షరాలు, ఎడమ మందు లేదు, కుడి మందు ఉంది అని. "ఇది అద్దం మీద కణాలతో చేసిన ప్రయోగం, మనుషులకి ఇచ్చే చికిత్స కాదు" అన్న ముక్క కూడా ఉంది. చిన్న అక్షరాల్లో, రెప్ప వేసేలోగా పోయేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే తిరిగి తిరిగి ఆడేది.

వానలు మొదలైన రోజుల్లో ఆసుపత్రిలో అందరూ దిదీ, అంటే అక్క, అని పిలిచే నర్సు ఫోన్ చేసింది. "మీ దేశపు మనిషి ఒకావిడ ఆపరేషన్‌కి ఒప్పుకోవడం లేదు. ఇప్పటికే ఒకసారి తేదీ ఇస్తే రాలేదు. మీరొచ్చి చెప్పండి" అంది. కలకత్తాలో తెలుగు మాట్లాడేవాళ్ళందరూ ఒకే ఇంటివాళ్ళని బెంగాలీల నమ్మకం. వెళ్ళాను.

హాల్లో టీవీకి ఎదురుగా ముందు వరుసలో కూర్చుని ఉంది ఆవిడ. నా వయసే ఉంటుంది. శ్రీకాకుళం తీరం నుంచి తాతల నాడు గార్డెన్ రీచ్ రేవు పనులకి వచ్చిన కుటుంబం. రేవు గేటు దగ్గర ఇడ్లీబండి నడుపుతుంది. పక్కన ఆమె తమ్ముడు, ఓడలు బాగుచేసే యార్డులో ఖలాసీ. తల్లి పోతే అతన్ని పెంచింది ఈ అక్కే, వాళ్ళ యాసలో అప్ప. రొమ్ములో గడ్డ. డాక్టర్లు కోసి తీసేద్దామంటున్నారు.

"ఏటమ్మా, ఆ బొమ్మ తీసినోలు మీరేనట?" అంది నన్ను చూడగానే.

"మేమే. పక్క భవనంలో తీశాం."

"కుడేపున్నయి మందేసినయి కదా. కదల్లేదు సూడు. ఆ మందు నాకూ ఎయ్యండి. ఆటిని కట్టీసినాక అప్పుడు కొయ్యమను, నానొప్పుకుంతాను. ముందే కోసీసినారనుకో, కత్తి తగిల్తే ఒల్లంతా పాకిపోతాది. మా పిన్నికి అలగే అయిపోనాది."

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం ఆవిడ ఒక్కదానిదే కాదు. మన వైపూ ఉంది, బెంగాల్లోనూ ఉంది. ఆ భయానికి మా సినిమా అచ్చంగా అతికినట్టు సరిపోయింది.

తమ్ముడు ఫోను తీశాడు. టీవీలో సినిమాని ఫోనుతో పట్టుకున్నాడు. "యార్డులో అందరికీ సూపించినాను మేడమ్. అప్ప ఆ తేదీకి ఎల్దామనే అన్నాది. నానే ఆగమన్నాను. ఇంత మంచి మందొచ్చినాక బేగి కోయించుకోడం దేనికని."

"ఇది మనుషులకిచ్చే మందు కాదండీ. అద్దం మీద కణాలకి వేసి చూశాం. ఎలుకలకి ఇవ్వాలి, ఆ తర్వాత ఎన్నో పరీక్షలుంటాయి. ఏళ్ళు పడుతుంది."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. "పెద్దోల్లకే ఇత్తారేటి?" అంది మెల్లగా.

ఆ మాట నాకు చురుక్కుమంది. కాదని ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. నమ్మడానికి నేనెవర్ని? కళ్ళెదుట తెర మీద ఆగిపోయిన కణాలున్నాయి. నా నోటి మాట ఒకటి, ఆ బొమ్మ ఒకటి. నేనైనా బొమ్మనే నమ్మేదాన్ని.

మళ్ళీ కొత్త తేదీ ఇచ్చారు, వచ్చే శుక్రవారం. ఆవిడ సరే అననూ లేదు, కాదననూ లేదు. రోజూ వచ్చి ఆ హాల్లో కూర్చునేది, మందు ఎవరైనా ఇస్తారేమోనని. నాకు గదిలో కాలు నిలవలేదు. భోజనం కాగానే హాల్లోకి వెళ్ళి ఆమె పక్కన కూర్చునేదాన్ని. రెండు నిమిషాలు కూర్చోవడం, లేవడం, కిటికీ దాకా పోయి వాన చూడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం.

"ఓలమ్మ, నీకేటి ఒంట్లో బాగోదా? సీమలు కుడుతున్నట్టు ఆ లెగడమేటి?" అంది ఒకరోజు.

"చిన్నప్పటినుంచీ ఇంతే."

"మొగుడెలా భరించినాడో" అని నవ్వింది. మా ఆయన ఎప్పుడో పోయారని చెప్పాను. "అలిసిపోయుంతాడు పాపం" అంది. చాలా రోజుల తర్వాత నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వు తర్వాత ఆవిడ నన్ను అమ్మా అనడం మానేసి సెల్లీ అనడం మొదలుపెట్టింది. మందు సంగతి మాత్రం వదల్లేదు.

అలా కూర్చుని, చూడకూడదనుకుంటూనే టీవీ వైపు చూసేదాన్ని. మా గదిలో ఆ సినిమాని ఎప్పుడూ చుక్కలతోనే చూశాం. కణం మధ్యలో చుక్క, ఆ చుక్క ఎంత దూరం జరిగింది, అంతే. హాల్లో చుక్కలు లేవు, కణాలు మాత్రమే ఉన్నాయి. ఎడమవైపు అప్పుడప్పుడూ ఒక కణం గుండ్రంగా ముడుచుకుని రెండుగా చీలేది. అది సహజం, కణాలు పెరుగుతూ ఉంటాయి. కుడివైపు ఒక్కటీ చీలదు. ఎన్నిసార్లు తిరిగి ఆడినా చీలదు. అంతే కాదు, కణం లోపల ఎప్పుడూ ఏవో నలకలు తుళ్ళుతూ ఉంటాయి, కుడివైపు వాటిలో అవీ తుళ్ళడం లేదు.

కుర్చీలోంచి ముందుకి వంగి చూశాను. ఫాసిన్ చేతులు పట్టుకునే మందుకి కణం చీలడంతో పనిలేదు. కాళ్ళు కట్టేసిన మనిషి నడవడు గానీ ఊపిరి మానడు కదా. పోనీ మందు విషమై చంపిందా అంటే, ప్రయోగం అయ్యాక తీసి చూసిన కణాలన్నీ నిక్షేపంగా బతికే ఉన్నాయి. చావకుండా, చీలకుండా, నడవకుండా కణాలుండే పరిస్థితి ఒకటుంది. మా పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. చలి.

మాట మధ్యలో లేచి పరుగెత్తినట్టు వెళ్ళిపోయాను. వెనక నుంచి ఆవిడ "మల్లీ సీమలు కుట్టినాయి" అనడం వినబడింది.

మైక్రోస్కోపు గదిలో ఎవరూ లేరు. ఏసీ మామూలుగా మోగుతోంది. పెట్టె మూత తీసి ఎడమవైపు వేలు పెట్టాను, వెచ్చగా ఉంది. కుడివైపు పెట్టాను. తీసి మళ్ళీ పెట్టాను. ఏసీ రెక్కలు సరిగ్గా ఆ మూలకే గాలి కొడుతున్నాయి. మందు ఎప్పుడూ కుడివైపే.

దాదా గదికి వెళ్ళి చెప్పాను. ఆయన నమ్మలేదు, నవ్వారు, తర్వాత కోప్పడ్డారు, ఆ తర్వాత లేచి వచ్చి తన వేలు కూడా పెట్టారు. తీసి ఏసీ రెక్కల వైపు చూశారు.

"రేపు మందు ఎడమవైపు పెడదాం దాదా. ఖాళీది కుడివైపు" అన్నాను.

"మార్చడమా? చీకట్లో ఎవరో ఒకరు కలిపేస్తారు" అన్నారు. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే సిగ్గేసినట్టుంది. "నేనే పెడతాను" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆయనే ప్లేటు పెట్టారు. ఆ చేతులు అలవాటు కొద్దీ రెండుసార్లు కుడివైపు పోయాయి. రెండుసార్లూ వెనక్కి తెచ్చుకున్నారు. కణాల నడకకు గంటలు పడుతుంది, ఎవరు తొందరపెట్టినా పడుతుంది. ఆ రోజంతా మేం ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. దాదా ఫుట్‌బాల్ ఊసెత్తలేదు. స్టూడెంట్ కుర్చీలో ముడుచుకుని, తన థీసిసు పేజీలు ఊరికే తిప్పుతూ కూర్చుంది. నేను వరండా ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాను. భాఁడ్‌లో టీ తాగాను, అది అయిపోయాక ఇంకోటి తాగాను. ఆ మట్టి ముంతలు పారేసే డబ్బా నిండింది. ఫలితం ఏదైనా సరే బయటపడితే చాలు అనిపించింది. మన సినిమా తప్పని తేలితే ఆవిడైనా ఆపరేషన్‌కి ఒప్పుకుంటుందని కూడా ఒక క్షణం అనిపించింది. వెంటనే ఆ అమ్మాయి మొహం చూసి ఆ ఆలోచన మింగేశాను.

సాయంత్రం నాలుగు దాటాక తెర ముందు కూర్చున్నాం. ఎడమవైపు, మందు వేసిన కణాలు. నడుస్తున్నాయి. వేళ్ళు కాస్త తక్కువ చాస్తున్నాయి, కాస్త నెమ్మదించాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నడుస్తున్నాయి, చీలుతున్నాయి, పోవాలనుకున్నచోటికి పోతున్నాయి. కుడివైపు, ఏ మందూ లేని కణాలు, చలికి బిగుసుకుపోయి ఉన్నచోటే ఉన్నాయి.

మేం ఆపింది క్యాన్సర్‌ని కాదు. దానికి ఏసీ వేశాం.

చాలాసేపటికి స్టూడెంట్ "నా అధ్యాయం పోయింది" అంది. ఏడవలేదు. దాదా కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "రెక్కలు పైకి తిప్పి మళ్ళీ చేద్దాం. మూడుసార్లు. అప్పటిదాకా బయటికి ఒక్క మాట వద్దు" అన్నారు.

"టీవీ ఆడుతోంది దాదా."

"ఆడనీ. ఇవాళ తప్పని చెప్పి, రేపు ఆ తప్పే తప్పని తేలితే? రెండుసార్లు నాలుక మడిచిన ల్యాబుని ఎవరు నమ్ముతారు?"

ఆయన అన్నది ధర్మమే. మీకు కూడా నేను అదే నేర్పాను, మూడుసార్లు చూడందే నోరు విప్పొద్దని. అయినా నాకు ఒళ్ళు మండింది. "మీకు మూడుసార్లు కావాలి. ఆవిడకి ఉన్నది శుక్రవారం ఒక్కటే. ఆ సినిమా చూస్తూ ఆవిడ ఒప్పుకోదు. మనం మళ్ళీ మళ్ళీ చేసుకుంటూ ఉంటే గడ్డ ఆగుతుందా? దాని మీద ఏసీ లేదు దాదా!" అని అరిచాను. పాతికేళ్ళలో ఆయన మీద అరవడం అదే మొదలు. నేను తలుపు వేసుకుని కిందికి దిగిపోయాను.

హాల్లో కౌంటరు దగ్గర గుమాస్తా బాబుని టీవీ కట్టెయ్యమని అడిగాను. "ఆఫీసు నుంచి ఆర్డరు కావాలి దిదీ. పెట్టమని ఆర్డరొచ్చింది, తియ్యమని రాలేదు" అన్నాడు. సినిమా ఆగడానికి కాగితం కావాలట. అతనితో పోట్లాడుతుండగానే వెనక అడుగుల చప్పుడైంది. దాదా. మెట్లు దిగి వచ్చినందుకు ఆయాసపడుతున్నారు. మా వైపు చూడకుండా నేరుగా టీవీ దగ్గరికి వెళ్ళి, వంగి, ప్లగ్గు పీకేశారు. హాల్లో ఎవరో "పోనీ ఫుట్‌బాల్ అయినా పెట్టండి దాదా" అన్నారు. ఆయనకి వినబడలేదు.

వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నారు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. దాదా బంగ్లాలో మొదలుపెట్టారు, నేను తెలుగులో చెప్పబోయాను.

"నువ్వు సెప్పక్కర్నేదు సెల్లీ. బంగ్లా నీకన్నా నాకే బాగొచ్చు" అంది.

"భుల్ హోయేఛే, దిదీ. తప్పు జరిగింది" అన్నారాయన. "ఆ కణాలు మందుకి ఆగలేదు. మా గదిలో చల్లగాలికి ఆగాయి. మాకు ఇవాళే తెలిసింది. ఆ బొమ్మని నమ్మొద్దు."

ఆవిడ నల్లగా అయిపోయిన తెర వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత కోపం వచ్చింది. "అయితే నానిన్నాల్లు కూకున్నది దేనికి? సదువుకున్నోలు మీరు, ఏసీ ఎటు కొడతాదో సూసుకోరా?" ఆయన తల వంచుకుని విన్నారు. అంత పెద్దమనిషి అలా కూర్చుని తిట్లు తినడం చూసి నాకు బాధేసింది. ఆయన మీద అప్పటికి మిగిలున్న కోపమంతా పోయింది.

తిట్టడం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగింది. "సెల్లీ, నువ్వు సత్తెం సెప్పు. కత్తి తగిల్తే పాకుతాదా, పాకదా?"

"కత్తి తగిలినందుకు నడవదు అప్పా. నడిచే రకమైతే కత్తి కోసం ఆగదు, ఇప్పటికే నడుస్తుంటుంది. నేను రోజూ చూసేవి అవే. మీరు కూర్చున్నా అది కూర్చోదు."

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. చివరికి "శుక్రవారం బండి కట్టను గావాల" అంది, ఇడ్లీబండి గురించి. అదే ఒప్పుకోలు.

శుక్రవారం ఆపరేషన్ జరిగింది. గడ్డ తీసేశారు. చంకలో గ్రంథులకి అప్పటికే పాకి ఉంది. అది మొదటి తేదీ నాటికే ఉందో, హాల్లో కూర్చున్న రోజుల్లో చేరిందో చెప్పగల పరీక్ష ఏదీ లేదు. ఇప్పటికీ లేదు. తర్వాత మందులు ఎక్కించారు, జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. రేవు గేటు దగ్గర బండి మళ్ళీ కట్టింది. నేను వెళితే ఇడ్లీ పెట్టి, తినేదాకా కూర్చోబెట్టేది. నన్ను అంతసేపు కూర్చోబెట్టిన మనిషి ఈ ఊళ్ళో ఇంకొకరు లేరు.

మేం పత్రికకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకున్నాం. దాదా స్వయంగా ఉత్తరం రాసి, ఎక్కడ తప్పు జరిగిందో దాచకుండా చెప్పారు. స్టూడెంట్ ఆ తప్పు మీదే కొత్త అధ్యాయం రాసి పట్టా తెచ్చుకుంది. ప్లేటు పెట్టే ముందు ఏ గుంటలో మందు వెయ్యాలో చీటీలు తీసి తేల్చే పద్ధతి పెట్టింది ఆ అమ్మాయే. అదొక నస అని మీరు విసుక్కుంటున్నట్టు విన్నాను. విసుక్కోండి, తియ్యడం మాత్రం మానకండి. ఫాసిన్ మీద పని ప్రపంచంలో ఇంకా నడుస్తూనే ఉంది, ఎవరో ఒకరు నిజంగా దాని చేతులు పట్టుకుంటారని నా నమ్మకం. మాకు ఆ అదృష్టం పట్టలేదు.

అప్ప కొన్నేళ్ళు బాగానే ఉంది. నేను రిటైరయ్యాక ఒకరోజు ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. ఎముకల్లోకి వచ్చిందట. గార్డెన్ రీచ్‌లో వాళ్ళుండే ఇరుకు సందుకి ఆటోలో వెళ్ళాను. మంచం మీద చిక్కిపోయి ఉంది. తమ్ముణ్ణి ఏదో తెమ్మని బయటికి పంపేసింది.

"సెల్లీ, ఒక మాట. ఆ టీవీ సూసుకుంటా కూకోకుండా మొదటి తేదీకే ఎలిపోయుంటే బతికీదాన్నేటి?"

ఈ ప్రశ్న ఏదో ఒకరోజు వస్తుందని ఏళ్ళ తరబడి భయపడ్డాను. ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను. "తెలీదు అప్పా. నిజంగా తెలీదు" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఏడకు. తెలీదంటే తెలీదనే సెప్పినావు, నాకది సాలు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆడు కూడా అడుగుతాడు నిన్ను. నాను పోయినాక అడుగుతాడు. ఆడే కదా నన్ను ఆగమన్నది. ఆడికి మాత్రం తెలీదనకు. కాదని సెప్పు. అప్పుడెల్లినా ఇంతేనని సెప్పు."

నేను ఏదో అనబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలూపాను.

ఆమె పోయిన నెల తర్వాత తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, నాను ఆగమనకపోతే అప్ప బతికీదా?"

"లేదు. ఆ రోజు వెళ్ళినా ఇంతే" అన్నాను. తడబడకుండా, అతని కళ్ళలోకి చూసి అన్నాను.

అతను అక్కడే గుమ్మంలో చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని బావురుమన్నాడు. నేనూ పక్కనే నేల మీద కూర్చున్నాను. మూడుసార్లు చూడందే నోరు విప్పొద్దని మీ అందరికీ నేర్పినదాన్ని, ఒక్కసారి కూడా చూడని ఫలితం అలా చెప్పేశాను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను.